దయ్యానికి వయసు రాదు, మేకప్ వేసేవాడికే వస్తుంది: బీటిల్‌జూస్ రెండో భాగంపై అపోహలు - వాస్తవాలు

ప్రోస్థెటిక్ మేకప్, అంటే ముఖానికి కృత్రిమ చర్మం, తొడుగులు అతికించి రూపం మార్చడం, నా వృత్తి అని చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేది ఒకటే. "ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే చేసేస్తున్నారుగా, ఇంకా మీకు పనుంటోందా?" 2024 సెప్టెంబరులో 'బీటిల్‌జూస్ బీటిల్‌జూస్' వచ్చాక ఈ ప్రశ్నకు నేను ఆ సినిమానే జవాబుగా చూపిస్తున్నాను. 1988లో టిమ్ బర్టన్ తీసిన దయ్యాల కామెడీకి 36 ఏళ్ల తర్వాత ఆయనే తీసిన రెండో భాగం అది. దాని గురించి మా వర్క్‌షాపుకి వచ్చే కుర్రాళ్లు అనే మాటలు వినీ వినీ ఇది రాస్తున్నాను.

అపోహ: పాతదాంట్లో చేతిపని ఉంది, కొత్తదంతా గ్రాఫిక్సే.

గ్రాఫిక్స్ అసలు లేవని నేననను. కానీ చేత్తో చేసినట్టు కనిపించాలన్నది మొదటినుంచీ బర్టన్, బీటిల్‌జూస్ అనే దయ్యంగా నటించిన మైకేల్ కీటన్ ఇద్దరి పట్టుదల. బాబ్ అనే చిన్న తల దయ్యాన్ని చూడండి. సూట్ లోపల ఉన్నది నిజంగా మనిషే, పైన కదిలే తల మాత్రం బొమ్మది. వింత జీవుల బొమ్మలు తయారుచేసే నీల్ స్కాన్లన్ బృందం చేసిన పని అది. సినిమాలోని ఇసుక పురుగు అనే రాక్షసికి, విమాన ప్రమాదం సీనుకి స్టాప్ మోషన్ వాడారు. బొమ్మని వెంట్రుకవాసి జరిపి ఒక ఫొటో, మళ్లీ జరిపి ఇంకో ఫొటో. తెరమీద ఒక సెకనుకి 24 ఫ్రేములు కావాలి. ఒక్కో భంగిమని రెండు ఫ్రేముల చొప్పున వాడుకున్నా సెకనుకి పన్నెండుసార్లు బొమ్మని ముట్టుకోవాల్సిందే. మధ్యలో ఎవరైనా బల్లకి తగిలితే ఆ షాట్ మళ్లీ మొదటికి!

అపోహ: మొదటి సినిమా నాటుగా ఉండటానికి కారణం డబ్బు లేకపోవడం.

దాని బడ్జెట్ సుమారు 1.5 కోట్ల డాలర్లు, అందులో ఎఫెక్టులకి దక్కింది పది లక్షలు. తక్కువే, ఒప్పుకుంటాను. అయితే చిన్నప్పుడు చూసిన చవకబారు దయ్యాల సినిమాల్లా అది బొమ్మేనని తెలిసిపోవాలని బర్టన్ కోరుకున్నాడు. అలా తీసిన సినిమాకే ఉత్తమ మేకప్ ఆస్కార్ వచ్చింది. వీ నీల్, స్టీవ్ లా పోర్ట్, రాబర్ట్ షార్ట్ అందుకున్నారు. రెండోదానికి పది కోట్ల డాలర్లు చేతిలో ఉన్నా ఆ నాటుతనాన్ని వదల్లేదు.

నాటుగా చేయడం తేలికనుకుంటారు. ఇప్పుడు మేం ఎక్కువగా వాడేది సిలికాన్. వెలుతురు కాస్త లోపలికి దిగుతుంది కాబట్టి అచ్చం చర్మంలా ఉంటుంది. పాతకాలం ఫోమ్ లేటెక్స్‌కి, అంటే నురగలాంటి రబ్బరుకి, ఆ గుణం లేదు, రంగు వేసిన తొడుగులా కనిపిస్తుంది. చేతిలో సిలికాన్ పెట్టుకుని ఫోమ్ రోజుల బొమ్మతనం తేవాలంటే, చేతికి అలవాటైన నునుపుని చేతులారా చెడగొట్టుకోవాలి. పైగా సిలికాన్ కింద చెమట ఎటూ పోదు. ఒకసారి మే నెలలో హైదరాబాద్ శివార్లలో షూటింగ్. ఒకాయనకి రెండు గంటలు కూర్చుని గడ్డం కింద ప్యాచ్ అతికించాను. లంచ్ తర్వాత ఆయన డైలాగ్ చెబుతూ తల వంచగానే ప్యాచ్ అంచు లేచి, లోపల నిలిచిన చెమటంతా చొక్కా మీదికి కారింది. దయ్యం సీను కాస్తా కామెడీ సీనైంది. డైరెక్టర్ మాత్రం నవ్వలేదు.

అపోహ: ముఖం నిండా మేకప్ ఉంటే నటుడి వయసుతో పనిలేదు.

సగమే నిజం. మొదటి సినిమా వచ్చేనాటికి కీటన్‌కి 36 ఏళ్లు. రెండోది అమెరికాలో విడుదల కావడానికి ముందురోజే 73 నిండాయి. తెల్లటి ముఖం, కళ్ల చుట్టూ నలుపు, బూజు పట్టిన చర్మం. కుళ్లిన ముఖంలో ముడతలు ఎవరు లెక్కపెడతారు? ఈ పాత్రకి ఆ సౌకర్యం ఉంది. గొంతు, భుజాలు విదిలించే వేగం మాత్రం నటుడే తెచ్చుకోవాలి, వాటికి మా దగ్గర మందు లేదు.

అదే సినిమాలో మిగతా దయ్యాల సంగతి వేరు. మొదటి భాగంలో చనిపోయిన భార్యాభర్తలు, జీనా డేవిస్, అలెక్ బాల్డ్విన్, మామూలు ముఖాలతోనే తిరుగుతారు. దయ్యాలకి వయసు పెరగకూడదు, నటులకి పెరుగుతుంది. ముప్పై ఆరేళ్లు వెనక్కి నెట్టే మేకప్ దగ్గరి షాట్‌లో నిలవదు. కథలో వాళ్లు ఆ ఇంటి నుంచి విముక్తి పొంది వెళ్లిపోయారని ఒక్క మాటతో తేల్చేశారు. మేకప్ వాడిగా ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఇంట్లోకి వచ్చిన కుటుంబంలోని అమ్మాయి, బతికున్న లిడియాకి ఈ గొడవే లేదు. పదహారేళ్లప్పుడు కనిపించిన వినోనా రైడర్ యాభై రెండేళ్ల అమ్మగా వచ్చింది.

అపోహ: ఇన్నేళ్లు ఎవరికీ రెండో భాగం ఆలోచనే రాలేదు.

1990లోనే హవాయి నేపథ్యంలో ఒక స్క్రిప్టు రాయించారు, పట్టాలెక్కలేదు. చివరికి 2023లో మొదలైన షూటింగ్ కూడా నటుల సమ్మెతో కొన్ని నెలలు ఆగింది.

అన్నట్టు, తెలుగువాళ్లకి ఒక ముచ్చట. ఆ దయ్యం పేరుని సినిమాలో రాసే స్పెల్లింగ్ ఒక నక్షత్రానిది. ఓరియన్ అనే నక్షత్ర సమూహంలో వేటగాడి భుజం మీద ఎర్రగా మెరిసే ఆ నక్షత్రమే మన ఆర్ద్ర. మూడుసార్లు పిలిస్తే దయ్యం వస్తుందట. మా అసిస్టెంట్‌ని ఏడుసార్లు పిలిచినా రాడు.

అపోహ: పాత నటుడు తిరిగి రాకపోతే ఆ పాత్రని కథలోంచి తీసేయడమే దారి.

లిడియా తండ్రి పాత్రధారి రెండో భాగంలో లేడు. పాత్రని విమానం ఎక్కించి, స్టాప్ మోషన్‌లో సముద్రంలో కూల్చి, సొరచేపతో పైభాగం కొరికించేశారు. ఆ తర్వాత పరలోకంలో తల లేని ఒళ్లు నెత్తురు చిమ్ముతూ నడుస్తుంటుంది. ముఖం లేదు కాబట్టి లోపల ఎవరున్నా ఒకటే. నటుడు లేడన్న సమస్య మేకప్ వాళ్లకి, వింత జీవుల బొమ్మలు చేసేవాళ్లకి పండగయింది. మన దగ్గరైతే గోడమీద ఫొటో పెట్టి దండ వేసేవాళ్లం.