డాలరు ఎప్పుడు తగ్గుతుందని నన్నడక్కండి

జూలై వచ్చిందంటే నా ఫోనుకి తీరిక ఉండదు. మా విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచో గాజువాక నుంచో, పిల్లలకి అమెరికాలో సీటొచ్చిన తల్లిదండ్రులు. అందరిదీ ఒకటే ప్రశ్న: "మాస్టారూ, డాలరు తగ్గుతాదేటండి? ఫీజు ఇప్పుడు కట్టీమంటారా, ఆగమంటారా?"

మారకపు రేట్లు, ద్రవ్యోల్బణం అంకెలతో కుస్తీ పట్టడమే నా ఉద్యోగం కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. జనం జేబుకి ఎక్కువ చిల్లు పెట్టే అపోహ ఇదే: రూపాయి ఎటు పోతుందో ఎవరో ఒకరికి తెలుసని. ఎవరికీ తెలీదు. 1983లో మీస్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మారకపు రేటుని ముందే లెక్కగట్టడానికి అప్పట్లో పేరున్న నమూనాలను పరీక్షకు పెట్టారు. ఏడాదిలోపు అంచనాల్లో, "రేపటి రేటు ఇవాళ్టి రేటే" అనుకుని ఊరుకున్నవాణ్ణి అవేవీ ఓడించలేకపోయాయి. తర్వాత ఎన్ని కొత్త పద్ధతులొచ్చినా, తక్కువ వ్యవధికి ఆ ఫలితం ఇంచుమించు అలాగే నిలబడింది. వాట్సాప్‌లో "పక్కా సమాచారం" పంపేవాడికి మాత్రం ఏ సందేహమూ ఉండదు!

2013 ఆగస్టులో డాలరు 68 రూపాయలు దాటింది. బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ సూచించడంతో మొదలైన గొడవ అది. "వంద ఖాయం" అన్నారు. పెదవాల్తేరులో మా పక్కింటాయన ఇంట్లో బంగారం కుదువపెట్టి మరీ అమ్మాయి ఫీజుకి ఒక్కసారే డాలర్లు కొనేశారు. తర్వాత ఎన్నారై డిపాజిట్ల మీద ఆర్‌బీఐ స్వాప్ సదుపాయం (బ్యాంకులు తెచ్చిన డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి, తర్వాత ముందే ఒప్పుకున్న రేటుకి వెనక్కిచ్చే ఏర్పాటు) తెచ్చింది, ఫెడ్ కూడా వెనక్కి తగ్గింది. అక్టోబరుకల్లా రేటు 61, 62 దగ్గరికొచ్చింది. ఆయన్ని నేను తప్పుపట్టను. కూతురి చదువంటే ఎవరికి కంగారుండదు? ఇదే కథ గుర్తుపెట్టుకుని 2022లో కొందరు ఆగారు, 80 దాటింది కదా, దిగుతుందిలే అని. ఆ ఏడాది అక్టోబరులో 83 దాటింది. మళ్లీ 80 కిందికి రాలేదు.

ఏం చెయ్యాలంటారా? రేటు చూసి కాదు, ఫీజు గడువు చూసి కొనండి. గడువులు వేర్వేరుగా ఉంటే విడతలుగా కొనండి. మీ చేతిలో ఉన్న బేరం వేరే ఉంది. గూగుల్లో కనిపించే రేటుకి బ్యాంకు మీకు డాలర్లు అమ్మదు. టీటీ సెల్లింగ్ రేటు, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు మనకి డాలరు అమ్మే రేటు, అడగండి, రెండు మూడు చోట్ల అడగండి. 20,000 డాలర్ల మీద రూపాయి తేడా అంటే 20,000 రూపాయలు. దాన్ని వదిలేసి ఆరు నెలల జోస్యం కోసం నా చుట్టూ తిరుగుతారు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. రూపాయి 5 శాతం పడితే ధరలూ 5 శాతం పెరుగుతాయా? పెరగవు. ఆర్‌బీఐ అంచనాల ప్రకారం ద్రవ్యోల్బణం మీద దాని ప్రభావం అర శాతం కూడా ఉండదు. పామాయిల్ లాంటి దిగుమతి సరుకు సంగతి వేరు, అక్కడ దెబ్బ తొందరగా తగులుతుంది. 1947లో డాలరు ఒక్క రూపాయేనా? కాదు. అప్పుడు మన రూపాయి పౌండుకి కట్టి ఉండేది. ఆ లెక్కన డాలరు సుమారు 3.30 రూపాయలు.

రూపాయి పడితే రొయ్యల రైతుకి పండగట! మన విశాఖ రేవు నుంచి వెళ్లే సరుకుకి బిల్లు డాలర్లలో. రూపాయి పడిందని అమెరికా కొనుగోలుదారుకీ తెలుసు, ధర తగ్గించమంటాడు. మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యలకి పిల్లలు పెట్టే తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి, వాటికీ డాలర్లే కట్టాలి. మన పెద్ద పోటీదారు ఈక్వడార్‌కైతే 2000 నుంచి సొంత కరెన్సీయే లేదు, అక్కడ చెల్లేది డాలరే. దానితో పోలిస్తే మనకి కొంత వెసులుబాటు దొరికే మాట నిజం. అది చెరువు గట్టుదాకా ఎంత చేరుతుందో మాత్రం ఆ వారం కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) ధర చెప్పాలి.