సీమ బిడ్డల బరువు లెక్క ఎక్కడ మొదలైంది

మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఏ అంగన్‌వాడీకి పోయినా ఇప్పుడు రెండు రకాల బిడ్డలు కనిపిస్తారు. ఒకడు మూడేళ్లొచ్చినా ఏడాదిన్నర వాడిలా ఉంటాడు, వాళ్ళమ్మ "ఏం పెట్టినా తినడు మేడమ్, వాడి ఒళ్ళే అంత" అంటుంది. ఇంకొకడు నాలుగేళ్లకే పాతిక కిలోలుంటాడు, బుగ్గలు గిల్లి ముద్దు చేసేవాళ్ళే గానీ ఇదేంటని అడిగేవాళ్ళు ఉండరు. ఒకటి పేదోళ్ళ రోగం, ఇంకోటి డబ్బున్నోళ్ళ రోగం అని మనం రెండు వేర్వేరు గంపల్లో వేసేస్తాం గానీ, నన్నడిగితే రెండూ ఒకే పాత లెక్కలోంచి వచ్చినవే. కడుపు నిండిందా లేదా, అంతే ఆ లెక్క. ఏం పెట్టి నింపినాం, ఏ వయసులో నింపినాం అనేది చాలా ఆలస్యంగా వచ్చిన ప్రశ్న. మన దగ్గర మరీ ఆలస్యం, ఎందుకంటే మనం కరువులోంచి వచ్చినోళ్ళం.

1876-78 కరువు, మనోళ్ళు ధాత కరువు అంటారే, అది మద్రాస్ ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్ని ఊడ్చిపెట్టేసింది. అనంతపురం అప్పటికి జిల్లా కూడా కాదు, బళ్ళారిలో కలిసుండేది, 1882లో విడదీసినారు. ఆ కరువులో సర్కారు తరఫున ఖర్చు తగ్గించడానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే దొర, కరువు పనికొచ్చిన మొగోడికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలని తేల్చేసినాడు. పౌను అంటే 450 గ్రాములు. రాళ్ళు కొట్టి మట్టి మోసే మనిషికి! మద్రాస్ శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు ఇది చాలదు, మనుషులు చచ్చిపోతారని గట్టిగా పోట్లాడినాడు, కొన్ని నెలలకు కూలి పెంచినారు కూడా, అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే ఆ గొడవంతా మనిషి ప్రాణం నిలవడానికి కనీసం ఎన్ని గింజలు కావాలి అనే దాని చుట్టూనే తిరిగింది. సర్కారు సాయం అంటే ఇంతే అని అప్పుడు మన బుర్రల్లో ముద్ర పడిపోయింది.

1952 కరువులో ఆ ముద్ర ఇంకా గట్టిపడింది. సీమంతా గంజి కేంద్రాలు పెట్టినారు, ముంత పట్టుకుని లైన్లో నిలబడిన సంగతి చెప్పే ముసలోళ్ళు ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, 1953 అక్టోబర్ 1న, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, రాజధాని చుట్టుపక్కల ఊళ్ళలోనే నిన్నటిదాకా గంజి పోసినారన్నమాట. గంజితో ప్రాణం నిలుస్తుంది, కాదనను. కానీ ఏడాది బిడ్డ గంజితో ఎదగదు, బిడ్డ కడుపు చిన్నది, ఆ కాస్త చోటు నీళ్ళతోనే నిండిపోతే ఇంక ఒంటికి పట్టేదేముంటుంది.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు, పాతకాలంలో అంతా బాగుండేది, రాగి సంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె తిని గట్టిగా ఉండేవాళ్ళు అని. సగం నిజం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) పాత పట్టికలో వంద గ్రాముల రాగుల్లో 344 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది. ఆ మాట వరకు మన పెద్దోళ్ళు గెలిచినట్టే. కానీ అదే కాలంలో పుట్టిన బిడ్డకు ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసేవాళ్ళు, ఆముదం నాకించేవాళ్ళు, చక్కెర నీళ్ళు పట్టేవాళ్ళు, బాలింతకు పత్యం పేరుతో కూర, గుడ్డు, పండు అన్నీ బంద్. బిడ్డ చిక్కిపోతే దిష్టి అని తాయెత్తు కట్టించేవాళ్ళు. గట్టిగా ఉన్నోళ్ళే మనకు గుర్తున్నారు, ఎందుకంటే మిగతావాళ్ళు గుర్తుండేంత కాలం బతకలేదు.

ఇంక సైన్సు వైపు కథ. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి మీద పెట్టిన చిన్న ల్యాబే పెరిగి పెరిగి 1958లో హైదరాబాదుకు మారింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది, మనం ఎన్ఐఎన్ అనేది దాన్నే. అదే సమయంలో ప్రపంచమంతా ప్రొటీన్ పిచ్చిలో ఉంది. దానికి మూలం 1930ల్లో ఆఫ్రికాలో, ఇప్పటి ఘానాలో, సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ గుర్తించిన జబ్బు, క్వాషియోర్కర్. కాళ్ళు ముఖం ఉబ్బి, జుట్టు రంగు మారి, బిడ్డ ఊరికే చిరాకు పడుతుంటుంది, తర్వాతి కాన్పు వచ్చి పెద్ద బిడ్డకు పాలు మాన్పించినప్పుడు వస్తుందని ఆమె గమనించింది. దాంతో ఐక్యరాజ్యసమితి దాకా అందరూ లోకంలో ప్రొటీన్ కొరత ఉంది, దాన్ని పూడ్చాలి అని బయల్దేరినారు. మైసూరులో సిఎఫ్‌టిఆర్‌ఐ అనే ఆహార పరిశోధన సంస్థ వాళ్ళు నూనె తీసేసిన బుడ్డల (వేరుశనగల) పిండి, శనగపిండి కలిపి ఒక మల్టీపర్పస్ ఫుడ్ చేసినారు. 1960లో బుడ్డలకు పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుందని బయటపడి ఆ ఉత్సాహం మీద కొంచెం నీళ్ళు పడినాయి.

హైదరాబాదులో ఎన్ఐఎన్ డాక్టర్ గోపాలన్, ఆయన టీమ్ మాత్రం వేరే మాట చెప్పినారు. మన బిడ్డలకు ప్రొటీన్ ఒక్కటే విడిగా తక్కువ కావడం లేదు, మొత్తం తిండే తక్కువ, చాలినంత తిండి తింటే ప్రొటీన్ దానంతట అదే చాలావరకు వస్తుంది, తిండి చాలనప్పుడు ప్రొటీన్ పొడి పోస్తే ఒళ్ళు దాన్ని కట్టెల్లా కాల్చేస్తుంది అని. ఇప్పుడు వింటే ఇదేమంత గొప్ప విషయం అనిపిస్తుంది గానీ అప్పట్లో ప్రపంచ సంస్థల్నే ఎదిరించిన మాట అది. అక్కడి నుంచి వచ్చిందే హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేయించిన బుడ్డలు 10, బెల్లం 20, అన్నీ పొడి కొడితే 330 కేలరీలు, 11 గ్రాముల పైన ప్రొటీన్. ఏ ఊర్లో ఏ అమ్మయినా చేసుకోగలిగినది, ఒక్క డబ్బా కొనే పని లేదు.

ఇందులో బాధ ఏంటంటే అదే కాలంలో అనంతపురం అంతా బుడ్డల చేను అయిపోయింది. కొర్ర, సజ్జ, ఆరికె, అనుము, అలసంద అన్నీ పోయి ఒకే పంట, అదీ నూనె మిల్లుకు. బిడ్డకు కావాల్సిన సరుకు ఇంటి ముందు మూటల్లో ఉంటుంది, అప్పులోడు, మిల్లోడు వచ్చి ఎత్తుకుపోతారు, బిడ్డ గిన్నెలో నీళ్ళచారు అన్నం. వానా చూస్తే ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టే, ఆ పంట కూడా మూడేళ్లకు ఒకసారి చేతికొస్తే గొప్ప. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం తెచ్చినాడు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు మంట, ఆకలి అనేది తెలియనోళ్ళే అట్లా మాట్లాడతారు, ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో ఆ బియ్యం వల్ల. కాకపోతే తెల్లన్నం అంటే మర్యాద, సంగటి అంటే బీదతనం అయి కూర్చుంది, పళ్ళెంలో ముప్పావు భాగం అన్నమే. గంజి కేంద్రం లెక్కే ఇది కూడా, కాకపోతే ఈసారి కడుపు నిజంగానే నిండింది.

1975 అక్టోబర్ 2న కేంద్రం 33 బ్లాకుల్లో ఐసిడిఎస్ అనే శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టింది, అంగన్‌వాడీలు అట్లా వచ్చినవే. మంచి ఆలోచన, తిండి, టీకాలు, తూకం, చదువు అన్నీ ఒకే చోట. కానీ తయారైన తీరులో రెండు లోపాలు. సెంటరుకు నడిచి వచ్చేది మూడేళ్లు నిండిన పిల్లలు, అసలు దెబ్బ తగిలేది ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య, ఆ వయసు బిడ్డ ఇంట్లో అవ్వ ఒళ్ళో ఉంటుంది. రెండోది, రిజిస్టర్లో రాసేది బరువు ఒక్కటే. వయసుకు బరువు సరిపోతే పాస్. ఎత్తు సంగతి దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. పొట్టిగా ఉండి లావుగా ఉన్న బిడ్డ ఆ చార్టులో హాయిగా నార్మల్ గీతలో కూర్చుంటుంది, అది గమనించండి, తర్వాత కథంతా ఈ బిడ్డదే.

2001లో సుప్రీంకోర్టులో తిండి హక్కు కేసు పడిన తర్వాతే ఈ సెంటర్లు ప్రతి పల్లెకూ, ప్రతి కాలనీకీ రావాలని గట్టి ఆర్డర్లు వచ్చినాయి. 2009లో ఒక బిడ్డకు రోజుకు 300 కేలరీలున్నది 500 చేసినారు, ప్రొటీన్ 12-15 గ్రాముల మధ్య ఉండాలన్నారు. మన రాష్ట్రంలో బాలామృతం ప్యాకెట్లు, 2013లో గర్భిణులకు, బాలింతలకు సెంటర్లోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు, తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారుతూ 2020లో సంపూర్ణ పోషణ. పేర్ల గోల పక్కన పెడితే గుడ్డు రావడం అనేది అన్నిటికన్నా పెద్ద మార్పని నేననుకుంటా.

ఇప్పుడు రెండో బిడ్డ సంగతి. ఇంగ్లండులో డేవిడ్ బార్కర్ అనే ఆయన 1980ల్లో పాత పుట్టుక రిజిస్టర్లు తిరగేసి, తక్కువ బరువుతో పుట్టినోళ్ళకే పెద్దయ్యాక గుండెజబ్బులు ఎక్కువ అని చూపించినాడు. పుణె దగ్గర పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ వాళ్ళు 1990ల్లో గర్భిణుల దగ్గర నుంచి మొదలుపెట్టి బిడ్డల్ని కొలిచినారు. అక్కడి బిడ్డ సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు బిడ్డ కన్నా దాదాపు 800 గ్రాములు తక్కువ, కానీ తగ్గిందంతా కండ, చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడటానికి సన్నం, లోపల కొవ్వు. అట్లాంటి బిడ్డకు తర్వాత తిండి దొరికి గబగబా బరువెక్కితే ఎత్తు పెరగదు, నడుం పెరుగుతుంది, చిన్న వయసులోనే షుగరు. మన ఊళ్ళలో ముప్పై అయిదేళ్లకే షుగరు మాత్రలు మింగే కూలోళ్ళని చూసి ఆశ్చర్యపోతాం కదా, వాళ్ళు ఏ కరువు ఏడాదిలో పుట్టినారో ఒకసారి అడగాలి.

మరి బిడ్డలకు బాగా పెడితే లావైపోతారా అనే భయం కూడా ఉంది. దీనికి జవాబు మన దగ్గరే దొరికింది. హైదరాబాద్ పక్క పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, చిన్నబిడ్డలకు ఐసిడిఎస్ తిండి అందిన ఊళ్ళు, అందని ఊళ్ళు పోల్చి, ఆ బిడ్డలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్ళయ్యాక మళ్ళీ కొలిచినారు. తిండి అందిన వాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు, కొవ్వు ఎక్కువ లేదు, ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది. అంటే మొదట్లో సరిగ్గా పెట్టిందే తర్వాత కాపాడింది.

ఇంకో వైపు డబ్బాలు, ప్యాకెట్లు. పాలడబ్బాల ప్రచారానికి అడ్డుకట్ట వేయాలని 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కోడ్ తెచ్చింది, మన దేశం 1992లో చట్టమే చేసి 2003లో ఇంకా బిగించింది, రెండేళ్ల లోపు బిడ్డల తిండికి యాడ్ వేయకూడదు. యాడ్ ఆగింది, అలవాటు ఆగలేదు. 2024లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ మన దేశంలో అమ్మే సెరెలాక్ రకాలు తీసి చూస్తే ఒక్కో సర్వింగ్‌లో సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలిపి ఉంది, దాన్ని చేసే నెస్లే కంపెనీ సొంత దేశం స్విట్జర్లాండ్‌లో మాత్రం అట్లా కలపట్లేదు. ఇంక అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్, పది రూపాయల జ్యూస్ ప్రతి పెట్టె అంగట్లో వేలాడుతుంటాయి, బిడ్డ ఏడిస్తే అదే మందు. బాలామృతంలో కూడా చక్కెర ఉంది, సర్కారు ప్యాకెట్ కాబట్టి దాని గురించి మాట్లాడకూడదని ఏం లేదు కదా.

లెక్కలు చూస్తే, 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు వయసుకు తగ్గ ఎత్తు లేని బిడ్డలు 31.4 శాతం, 2019-21లో 31.2. అన్నేళ్ల గుడ్లు, పాలు, ప్యాకెట్లు పోయి అర శాతం కూడా కదల్లేదు. అదే టైములో అధిక బరువు బిడ్డలు 1.2 నుంచి 2.7 శాతానికి పోయినారు. చిన్న అంకె అనిపిస్తుంది, కానీ రెట్టింపు దాటింది. పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిన ఆడపిల్లలు దాదాపు 29 శాతం, దేశ సగటు 23, పదిహేడేళ్ల తల్లికి రెండు కిలోల బిడ్డ పుడితే అంగన్‌వాడీ టీచర్ని తిట్టి లాభం లేదు.

సీమకు ఇంకో మెలిక ఉంది, వలస. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి ప్రతి ఏడాదీ సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోతారు, చంకలో బిడ్డతో సహా, బిడ్డ పేరు ఇక్కడి రిజిస్టర్లో, బిడ్డ అక్కడ చేను గట్టు మీద. ఆ నెలల్లో గుడ్డూ లేదు, తూకమూ లేదు. రాయచోటి, రాజంపేట వైపు అమ్మ కువైట్‌లో ఉంటుంది, బిడ్డ అవ్వ దగ్గర, తల్లి లేని బిడ్డ అని అవ్వ అడిగింది అడిగినట్టు కొనిస్తుంది, డబ్బులు కూడా నెల నెలా వస్తుంటాయి. ఒకే సీమ, ఒకే కరువు, ఒక దారిలో బక్క బిడ్డ, ఇంకో దారిలో బొద్దు బిడ్డ.

2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చినాక ఎత్తు కూడా ఎక్కించాల్సి వస్తోంది. మంచిదే. కానీ రెండేళ్ల లోపు బిడ్డను పలక మీద పడుకోబెట్టి తల ఒకరు, మోకాళ్ళు ఒకరు పట్టుకుంటేనే ఎత్తు సరిగ్గా వస్తుంది, వాడు గింజుకుంటుంటే ఒక సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది, గీత దగ్గర ఉన్న బిడ్డయితే ఆ ఒక్క సెంటీమీటరుతో లిస్టులోకి వస్తాడు లేదా లిస్టులోంచి పోతాడు. చాలా సెంటర్లలో టీచరమ్మ ఒక్కతే ఉంటుంది, ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంటుంది, తూకం రోజే వంట కూడా జరగాలి మరి. ముందు ఆ కొలత రోజున ఇంకొక మనిషిని ఇస్తే యాప్‌లో అంకెల మీద నమ్మకం పెట్టుకోవచ్చు, ఏ బిడ్డ ఇంటికి ఎప్పుడు పోవాలో కూడా అప్పుడే తెలుస్తుంది.