ఇంట్లో కారు పాలిషింగ్: మెషిన్ కొనేముందు వదిలించుకోవాల్సిన అపోహలు

కార్ డీటెయిలింగ్ నా వృత్తి. సొంత కారుకు తామే పాలిష్ చేసుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ‘ఏ మెషిన్ కొనమంటారు?’ అనే. మీ కారు డోర్ల మీద మడతలు ఎన్ని ఉన్నాయి, హ్యాండిల్ కింద పెయింట్ ఎంత వెడల్పుంది అని నేను తిరిగి అడుగుతాను. మెషిన్‌ను ఎంచుకోవాల్సింది కారు ఆకారాన్ని బట్టి, దాని మీదున్న పెయింట్ మందాన్ని బట్టి. అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకెలను బట్టి కాదు.

అపోహ: వాట్లు ఎక్కువుంటే మంచి మెషిన్

వాట్లు చెప్పేది మెషిన్ ఎంత కరెంటు తీసుకుంటుందో. కారును రుద్దే ప్యాడ్ దగ్గర ఎంత పని జరుగుతుందో చెప్పవు. ఇంటి వాడకానికి దొరికే డ్యూయల్ యాక్షన్ పాలిషర్లు, అంటే మనం డీఏ అని పిలుచుకునేవి, చాలావరకు 500 నుంచి 900 వాట్ల మధ్యే ఉంటాయి. ఆ పరిధిలో వంద వాట్ల తేడా చేతికి పెద్దగా తెలియదు.

తెలిసేది స్ట్రోక్. డీఏలో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే ఒక చిన్న వలయంలో ఊగుతుంది. ఆ వలయం వ్యాసమే స్ట్రోక్. 8, 15, 21 మి.మీ. మెషిన్లు ఎక్కువగా కనిపిస్తాయి. స్ట్రోక్ పెద్దదైతే బానెట్, రూఫ్ లాంటి చదును భాగాల మీద పని త్వరగా అవుతుంది, ఫినిష్ కూడా నునుపుగా వస్తుంది. అదే మెషిన్ వంపు మీదికో మడత మీదికో వెళ్లేసరికి ప్యాడ్ తిరగడం ఆపేస్తుంది.

కొనేముందు ఒక లెక్క వేసుకోండి. ప్యాడ్‌ను అంటించే బ్యాకింగ్ ప్లేట్ 5 అంగుళాలదైతే దాని మీద సాధారణంగా 5.5 అంగుళాల ప్యాడ్ వేస్తాం. అంటే దాదాపు 140 మి.మీ. దానికి 15 మి.మీ. స్ట్రోక్ కలిపితే మెషిన్‌కు కావాల్సిన చోటు 155 మి.మీ. టేపు పట్టుకుని కారు చుట్టూ తిరగండి. అంతకంటే సన్నగా ఉన్న పిల్లర్లు, బంపర్ మూలలు, నంబర్ ప్లేట్ చుట్టుపక్కల భాగాలు ఎన్నున్నాయో చూడండి. తక్కువగా ఉంటే 15 మి.మీ. మెషిన్ హాయిగా సరిపోతుంది. కారు నిండా మడతలూ వంపులే అయితే 8 లేదా 9 మి.మీ. స్ట్రోక్ మీ మాట ఎక్కువ వింటుంది. మొదటి మెషిన్‌గా 21 మి.మీ. కొనమని నేనెవరికీ చెప్పను.

అపోహ: రోటరీతో పెయింట్ పోతుంది, డీఏతో ఏమీ కాదు

ఇందులో సగమే నిజం. రోటరీ అనేది ఇంకో రకం పాలిషర్. అందులో ప్యాడ్ ఊగకుండా ఒకే ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి వేడి ఒకచోట పోగవుతుంది. అంచుల దగ్గర పెయింట్ పలుచగా ఉంటుంది, అక్కడ ఒక్క క్షణం ఆగినా ప్రమాదమే. చెయ్యి తిరగనివాళ్లు రోటరీ వాడిన కారును ఎండలో పెట్టి చూస్తే హోలోగ్రామ్స్ కనిపిస్తాయి. వెలుతురు కదిలేకొద్దీ కదిలే మబ్బు చారలు అవి. అందుకే ఇంట్లో నేర్చుకునేవాళ్లకు డీఏ మంచిదంటాను.

కానీ ‘ఏమీ కాదు’ అన్న ధీమాయే నాకు టెన్షన్. కారు మీద పారదర్శకంగా ఉండే పై పొర, అదే క్లియర్ కోట్, చాలా కార్లలో 35 నుంచి 50 మైక్రాన్ల మందమే ఉంటుంది. మామూలు రాతకాగితం కంటే పలుచన. కింద ఉన్న రంగును ఎండ నుంచి కాపాడేది ఆ పొరే. పాలిష్ చేసిన ప్రతిసారీ దానిలోంచి కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. గరుకు కాంపౌండ్ (పెయింట్‌ను అరగదీసే పేస్ట్), గీతలు తీసే మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ వేసి ఒక అంచు మీద డీఏను ఆపి ఉంచితే రంగు దాకా దిగిపోవచ్చు. పదునైన మడతల మీద, అంచుల మీద మాస్కింగ్ టేప్ వేసుకోండి.

పెయింట్ మందం కొలిచే గేజ్ కొంటే మంచిదే. కాకపోతే మామూలు గేజ్ చూపించేది అన్ని పొరల మొత్తం మందం, క్లియర్ కోట్ ఒక్కదానిది కాదు. ప్లాస్టిక్ బంపర్ల మీద అది అసలు పనిచేయదు. ఒక డోర్ మీద రీడింగ్ మిగతా వాటికంటే బాగా ఎక్కువ వస్తే అక్కడ మళ్లీ పెయింట్ వేశారన్నమాట. ఎక్కువుంది కదా అని అక్కడ గట్టిగా రుద్దకండి, ఆ మందంలో క్లియర్ కోట్ వాటా ఎంతో గేజ్ చెప్పలేదు.

అపోహ: గట్టిగా నొక్కితే గీతలు త్వరగా పోతాయి

నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద నల్ల మార్కర్‌తో ఒక గీత గీయండి. మెషిన్ నడుస్తున్నప్పుడు ఆ గీత గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తే ప్యాడ్ కోస్తోంది, అంటే పెయింట్‌ను అరగదీస్తోంది. ఉన్నచోటే వణుకుతూ కనిపిస్తే ప్యాడ్ తిరగడం లేదు, ఊగుతోందంతే. అప్పుడు వేడి పుడుతుంది, దుమ్ము లేస్తుంది, కారు మీది గీతలు మాత్రం అలాగే ఉంటాయి.

మార్కర్ గీత తిరగడం ఆగగానే మెషిన్ చెడిపోయిందని అనుకుంటారు. కారణం చాలాసార్లు చేతిలోనే ఉంటుంది. నొక్కుడు ఎక్కువైనా, ప్యాడ్ ఒక పక్కకు వాలినా, కాంపౌండ్ ఎక్కువై ప్యాడ్ నానిపోయినా ఇదే జరుగుతుంది. మెషిన్ బరువుకు కొద్దిగా చెయ్యి బరువు తోడైతే చాలు. రెండడుగుల చదరం తీసుకోండి. సెకనుకు సుమారు అంగుళం చొప్పున కదలండి. వెళ్లిన ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. అడ్డంగా, నిలువుగా కలిపి నాలుగైదుసార్లు పోనివ్వండి. వంపుల మీద మెషిన్ స్పీడ్ కొంచెం పెంచి, ఒత్తిడి తగ్గించండి.

గేర్లతో తిరిగే ఫోర్స్‌డ్ రొటేషన్ డీఏలో ప్యాడ్ ఇలా ఆగదు. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ప్యాడ్ ఆగిపోవడం కూడా ఒక రక్షణే. అది లేని మెషిన్‌ను అంచుల దగ్గర మరింత జాగ్రత్తగా పట్టుకోవాలి. కొంచెం చెయ్యి తిరిగాక తీసుకోండి.

అపోహ: గ్రైండర్ ఉంది, డ్రిల్ ఉంది, ప్యాడ్ కొంటే సరిపోతుంది

వద్దు. చాలా యాంగిల్ గ్రైండర్లు 10,000 ఆర్‌పీఎం పైనే తిరుగుతాయి. రోటరీతో పాలిష్ చేసేటప్పుడు కూడా మేం సాధారణంగా 2,000 దాటం. డ్రిల్‌కు చిన్న ప్యాడ్ తగిలిస్తే హెడ్‌లైట్ల వరకు పనికొస్తుంది, బాడీ మీద సమతలంగా పట్టుకోవడం కష్టం. చెక్కపని సాండర్ చూడటానికి డీఏలాగే ఉన్నా దాని స్ట్రోక్ చాలా తక్కువ.

అపోహ: చిన్న ప్లేట్ వేస్తే అదే మెషిన్ సందుల్లోకీ వస్తుంది

డీఏ లోపల ఒక కౌంటర్ వెయిట్ ఉంటుంది. ఫలానా సైజు ప్లేట్, ఫలానా బరువు ప్యాడ్ అని లెక్కవేసి దాన్ని పెడతారు. 5 అంగుళాలకు చేసిన మెషిన్‌కు 3 అంగుళాల ప్లేట్ వేస్తే ఆ సమతూకం చెడుతుంది. వైబ్రేషన్ పెరిగి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, బేరింగ్‌ల మీదా భారం పడుతుంది. తయారీదారు ఆ ప్లేట్ వాడొచ్చని స్పష్టంగా రాస్తే తప్ప వేయొద్దు. పిల్లర్లు, అద్దాల వెనుక భాగాలు చేత్తో చేసుకోవచ్చు. ఓపిక ఉంటే తర్వాత ఒక 3 అంగుళాల మెషిన్ కొనుక్కోవచ్చు.

అపోహ: డబ్బంతా మెషిన్ మీదే పెట్టాలి

ఒక మోస్తరు మెషిన్, సరిపడా మంచి ప్యాడ్లు ఉన్న మనిషి చేసిన కారు, ఖరీదైన మెషిన్‌తో ఒక్క ప్యాడ్ పెట్టుకుని చేసిన కారు కంటే బాగుంటుంది. ఇది నేను చాలాసార్లు చూశాను. ప్యాడ్‌లో కాంపౌండ్, రాలిన పెయింట్ పేరుకునేకొద్దీ కోత తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. ఆ వేడికి ఫోమ్ మెత్తబడి, వెనకున్న వెల్క్రో మధ్యలో ఊడిపోతుంది. ఒక కారుకు కటింగ్ ప్యాడ్లు కనీసం మూడు, చివర్లో మెరుపు తెచ్చే ఫినిషింగ్ ప్యాడ్లు రెండు దగ్గర పెట్టుకోండి. ఒక్కో భాగం అయ్యాక బ్రష్‌తో శుభ్రం చేయండి, నానినదాన్ని పక్కన పెట్టి ఆరినది తీయండి.

అపోహ: మెషిన్ పెడితే ప్రతి గీతా మాయం

గీత మీద గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. గోరు తట్టుకుంటే ఆ గీత పాలిష్‌తో పూర్తిగా పోయే రకం కాదు. పాలిషింగ్ గీతను నింపదు, చుట్టూ ఉన్న పొరను గీత అడుగు దాకా దించుతుంది. అంత లోతుకు దించే హక్కు మనకు లేదు. గీత అంచులు మొద్దుబారి కంటికి తక్కువగా కనిపిస్తే అక్కడితో ఆగడమే మేలు.

కొన్ని పాలిష్‌లలో గీతలను తాత్కాలికంగా కప్పే నూనెలు, ఫిల్లర్లు ఉంటాయి. పని అయ్యాక నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, దీపం పక్కనుంచి పడేలా చూడండి. అప్పుడు కనిపించేదే అసలు ఫలితం. మొదట ఒక చిన్న చోట మెత్తటి ప్యాడ్, తేలికపాటి పాలిష్‌తో మొదలుపెట్టండి. చాలకపోతేనే ఒక మెట్టు పైకి వెళ్లండి. దానికి ముందు కారు కడిగి, పెయింట్‌కు పట్టిన మురికిని లాగేసే క్లే బార్ పెట్టి, నీడలో చల్లారనివ్వాలి.

కార్డ్‌లెస్ గురించి ఒక్క మాట. వైరు గొడవ లేదు, నిజమే. మొత్తం కారు చేయాలంటే బ్యాటరీలు మార్చుకుంటూ, చార్జ్ అయ్యేదాకా ఆగుతూ ఉండాలి. ఇంట్లో ప్లగ్ దగ్గర్లో ఉంటే వైరుదే తీసుకుని, వైరు భుజం మీదుగా వేసుకోండి, పెయింట్‌కు తగలదు.

కొనేచోట వీలైతే మెషిన్‌ను చేతిలోకి తీసుకోండి. డోర్‌కు పాలిష్ చేస్తున్నట్టు ఛాతీ ఎత్తులో అడ్డంగా రెండు నిమిషాలు పట్టుకుని చూడండి. బటన్ దానంతటదే నొక్కి ఉండే లాక్ ఉందా, స్పీడ్ డయల్ బొటనవేలికి అందుతోందా, ఆన్ చేయగానే ఎగిరిపడకుండా మెల్లగా వేగం అందుకుంటోందా గమనించండి. విడి బ్యాకింగ్ ప్లేట్లు, మోటార్ లోపల అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ మెషిన్ ఎంత నచ్చినా వదిలేయండి.