తడి సున్నం, పసుపు సైనికుడు

గుంటూరులో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు పోయిన ఆదివారం రెండు ఫొటోలు పంపాడు. బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో వాడే సైనికుల బొమ్మలవి. ఒక్కోటి 28 మిల్లీమీటర్లు, అంటే చూపుడువేలి కణుపు కంటే కాస్త ఎక్కువ. ఒకడి కవచానికి నలుపు, ఇంకొకడికి పసుపు. కింద ప్రశ్న: "మామయ్యా, నలుపు ఒక్క కోటింగ్‌కే కప్పేసింది. పసుపు నాలుగు వేసినా అడుగునున్న నల్ల ప్రైమర్ కనిపిస్తూనే ఉంది. ఒకే కంపెనీ, ఒకే ధర. సీసా నాసిరకమంటావా?"

సీసాలో లోపమేమీ లేదు. జవాబు మన ఇళ్ల గోడల మీదే ఉంది.

పండక్కి ముందు గోడకు సున్నం కొట్టడం గుర్తు తెచ్చుకోండి. కుంచె తిప్పినంత మేరా గోడ తడిగా మెరుస్తుంది తప్ప తెల్లబడదు. పాత మరకలు, పిల్లల బొగ్గు గీతలు అన్నీ లోపలినుంచి కనిపిస్తూనే ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లకు సున్నం పలచనైందేమోనని అనుమానం. పావుగంట పోయాక అంచుల దగ్గర మొదలై తెలుపు పాకుతూ వస్తుంది, మరకలు మాయమవుతాయి. ఆ పావుగంటలో కొత్తగా ఎవరూ రంగు వేయలేదు. నీళ్లు పోయి, ఆ చోట్లోకి గాలి వచ్చింది. జరిగిందల్లా అంతే, కానీ రంగుల శాస్త్రంలో సగం అందులోనే ఉంది.

సున్నపు రేణువుకు సొంత తెలుపు అంటూ ఏమీ లేదు. విడిగా చూస్తే అది గాజు ముక్కలాంటిదే. కాంతి ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి దాటేటప్పుడు కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందన్నది ఆ రెండింటి వక్రీభవన గుణకాల (కాంతి వేగాన్ని ఆ పదార్థం ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకెల) తేడాను బట్టి ఉంటుంది. గాలికి 1, నీటికి 1.33, సున్నానికి సుమారు 1.6. సూటిగా పడిన కాంతికి లెక్క వేస్తే, గాలికీ సున్నానికీ మధ్య ఒక్కో హద్దు దగ్గర నూటికి 5 పాళ్లకు పైగా వెనక్కి వస్తుంది. నీటికీ సున్నానికీ మధ్య 1 పాలు కూడా రాదు. ఇలాంటి హద్దులు పొరలో వేలకొద్దీ ఉంటాయి. ప్రతిదాని దగ్గరా కాంతి కొంచెం కొంచెంగా చెదిరి చెదిరి, గోడదాకా చేరకుండానే మన కంటికి తిరిగొచ్చేస్తుంది. మనకు తెలుపు అంటే అదే.

మిర్చి బజ్జీల పొట్లం తెలియనివాళ్లు మా జిల్లాల్లో ఉండరు. నూనె పీల్చిన చోట కాగితం అద్దంలా అయిపోయి వేలు కనిపిస్తుంది. అక్కడ కాగితపు నారల మధ్య గాలి పోయి నూనె చేరింది. నార, నూనె రెండింటి గుణకాలూ 1.5 దరిదాపుల్లోనే ఉంటాయి కాబట్టి కాంతికి హద్దు ఉన్నట్టే తెలియదు. గళ్లుప్పు పలుకు కాంతిని లోపలికి రానిస్తుంది, దాన్నే దంచితే తెల్లటి పిండి. బడిలో గ్లాసు నీళ్లలో పెన్సిల్ వంకరగా కనిపించేలా చూపించి వక్రీభవనం పాఠం ముగించేస్తారు. ఉప్పు ఎందుకు తెల్లగా ఉందని ఒక్క ప్రశ్న అడిగితే అదే పాఠం పిల్లలకు జన్మలో మరిచిపోకుండా ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు బొమ్మల రంగు దగ్గరికొద్దాం. ఇవి దాదాపు అన్నీ యాక్రిలిక్ రంగులు. ఆరాక రేణువుల చుట్టూ ఉండేది గాలి కాదు, ప్లాస్టిక్. దాని గుణకం 1.49. ఇందులో సున్నం కలిపితే వెయ్యికి ఒక పాలుకు కాస్త పైన మాత్రమే వెనక్కి వస్తుంది, కాబట్టి ఏమీ కప్పదు. అదే టైటానియం డయాక్సైడ్ అయితే, దాని రూటైల్ రకం గుణకం 2.7. నూటికి 8 పాళ్లు! సున్నానికి సుమారు 65 రెట్లు. పైగా దాని రేణువును మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) పావు వంతు సైజుకు, అంటే కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు సగానికి చేస్తారు. కాంతిని చెదరగొట్టడానికి అంతకంటే అనువైన సైజు లేదు. ఈ రోజు గోడ మీదైనా, బొమ్మ మీదైనా, టూత్‌పేస్టులోనైనా తెలుపంటే చాలావరకు ఇదే.

నలుపుది వేరే దారి. కార్బన్ రేణువు కాంతిని చెదరగొట్టే పనే పెట్టుకోదు, మింగేస్తుంది. మింగడానికి పొర మందంగా ఉండక్కర్లేదు. అందుకే ఒక్క కోటింగ్ చాలు.

పసుపుకు రెండు పనులూ చేయాల్సిన కష్టం ఉంది. నీలాన్ని మింగాలి, ఎరుపునూ ఆకుపచ్చనూ వెనక్కి పంపాలి. మెరిసే పసుపుల్లో ఎక్కువగా వాడే హన్సా రకం సేంద్రియ పిగ్మెంట్లు (రంగునిచ్చే పొడులు) మింగే పని చక్కగా చేస్తాయి. కానీ వాటి గుణకం యాక్రిలిక్‌కు మరీ దూరం కాదు, కాబట్టి మిగిలిన కాంతిని వెనక్కి తిప్పలేక కిందికి వదిలేస్తాయి. కింద నల్ల ప్రైమర్ ఉంటే అది అంతా మింగేస్తుంది. మావాడి సైనికుడు ఆకుపచ్చ తిరిగిన బురద రంగులో కనిపించింది అందుకే.

బాగా కప్పే పసుపులు లేకపోలేదు. క్రోమ్ ఎల్లో కప్పుతుంది కానీ అందులో సీసం ఉంటుంది. కాడ్మియం ఎల్లో గుణకం 2.4, అదీ విషమే. బొమ్మలకు రంగులేసేవాళ్లలో చాలామందికి కుంచె మొనను పెదాల మధ్య పెట్టి సూదిగా చేసుకునే అలవాటుంది. ఏ రంగుతోనైనా దయచేసి ఆ అలవాటు మానండి. మట్టిపసుపు, అంటే ఐరన్ ఆక్సైడ్, నిరపాయకరం, కప్పుతుంది, కాకపోతే మెరుపు తక్కువ. బిస్మత్ వనడేట్ మెరుస్తుంది, కప్పుతుంది, ఖరీదు. ఆర్టిస్టుల ట్యూబుల మీద పిగ్మెంట్ కోడ్ వేస్తారు: పీవై అంటే పిగ్మెంట్ ఎల్లో; పీవై 42 అంటే మట్టిపసుపు, పీవై 74 అంటే హన్సా, పీవై 184 అంటే బిస్మత్. బొమ్మల రంగుల సీసాల్లో చాలావాటి మీద ఇది ఉండదు. అది ఉంటే సగం వాదనలు ఆగిపోతాయి.

విజయవాడ పక్కనే ఉన్న కొండపల్లిలో దీనికి ఎప్పుడో మార్గం కనిపెట్టారు. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, మొత్తానికి సున్నం పూసి ఆరనిచ్చాకే రంగు వేస్తారు. రంగు వదిలేసిన కాంతిని అడుగునున్న తెలుపు తిరిగి పైకి పంపుతుంది. మావాడికి చెప్పింది కూడా అదే: పసుపు వేయాల్సిన చోట ముందు తెలుపు గానీ లేత గులాబీ గానీ వెయ్యి. వాళ్ల బామ్మ అయితే పసుపు శుభం కాబట్టి దానితోనే మొదలుపెట్టమంటుంది. శుభాశుభాలు రంగుకు తెలియవు. కానీ లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత అన్న వరస మాత్రం సరైనదే, ఎందుకంటే నలుపు తప్పును కప్పుతుంది, పసుపు కప్పలేదు.

సున్నం కథ వార్నిష్‌లోనూ తిరిగొస్తుంది. రెండేళ్ల కిందట ఆగస్టులో, ముసురు పట్టిన రోజున, నేను రంగులేసిన గుర్రపురౌతు మీద మెరుపు లేని మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను. పది నిమిషాల్లో గుర్రం మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర. రెండు వారాల పని పోయిందని చేతులు చల్లబడ్డాయి. ద్రావకం ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ దానిమీద చేరింది, అది పోయాక పొరలో సూక్ష్మమైన ఖాళీలు మిగిలాయి. ఖాళీ అంటే గాలి, గాలి అంటే హద్దు, హద్దు అంటే తెలుపు. కుంచెతో మెరిసే రకం (గ్లాసీ) వార్నిష్ పలచగా పూశాను. అది ఖాళీల్లోకి ఇంకుతుంటే గుర్రం మెడ మీద గోధుమ రంగు మళ్లీ పైకి తేలడం కళ్లారా చూశాను. బజ్జీల కాగితంలో నూనె చేసిన పనే అది.

కప్పకపోవడాన్నే గుణంగా మార్చిన రంగులూ ఉన్నాయి. ఇలాంటి బొమ్మలు, రంగులు తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 2019లో తెచ్చిన కాంట్రాస్ట్ రంగులు కావాలనే పారదర్శకంగా ఉంటాయి. లేత ప్రైమర్ మీద వేస్తే బట్ట మడతల్లోకి జారి మందంగా నిలుస్తాయి. పొర మందమయ్యేకొద్దీ కాంతి మరింత మింగుడుపడి అక్కడ ముదురు, గట్ల మీద లేత. ఒక్క కోటింగ్‌లో నీడలు వచ్చేస్తాయి.

రెండు కంపెనీల రంగులు పోల్చాలంటే సీసాలో చూసి, తడిగా చూసి తేల్చకండి. తడి యాక్రిలిక్‌లో ప్లాస్టిక్ గోళాలు నీళ్లలో తేలుతూ పాలలా కనిపిస్తాయి. ఆరాక అవి అతుక్కుని హద్దులు పోతాయి, రంగు ఒక మెట్టు ముదురుతుంది. తెల్ల అట్ట మీద నల్ల మార్కర్‌తో అంగుళం వెడల్పు పట్టీ గీయండి. రెండు రంగుల్నీ ఒకే పలచనలో, ఒకే కుంచెతో, దాని మీదుగా అడ్డంగా లాగి ఆరనివ్వండి. పెయింట్ కంపెనీల ల్యాబుల్లోనూ ఇదే పద్ధతి. నలుపు మీద పడిన భాగం తెలుపు మీది భాగం తిప్పి పంపే కాంతిలో 98 శాతం పంపితే పూర్తిగా కప్పినట్టు లెక్క.

మావాడు నిన్న రాత్రి అట్ట ఫొటో పంపాడు. మూడు పసుపులు, ఒక మట్టిపసుపు, కింద పెన్సిల్‌తో సీసాల పేర్లు. మట్టిపసుపు కింద నల్ల పట్టీ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.