గుప్పెడు వడపప్పు, గిన్నెడు మొలకలు

శ్రీరామనవమి నాడు ఒడిశాలోని రాయగడలో మా వీధి తెలుగు ఇళ్ళలో పెసరపప్పు నానబెట్టి, నీళ్ళు ఒంపేసి, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి ముక్కలు, కొత్తిమీర కలిపి వడపప్పుగా పంచుతారు. పొయ్యి ఎక్కని ఆ పప్పు తిని కడుపు పట్టుకుని కూర్చున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు. అయితే వండని ఆహారమే తినాలని నిశ్చయించుకుని, ఉదయం పెద్ద గిన్నెడు పెసల మొలకలు, మధ్యాహ్నం అన్నానికి బదులు క్యాబేజీ, ముల్లంగి, ఉల్లి ముక్కలు, రాత్రి జామపండ్లు తినడం మొదలుపెట్టిన మూడో రోజుకే నా పొట్ట డోలు చర్మంలా బిగిసిపోయింది. తేన్పులు, గుడగుడలు, పక్కల్లో పట్టేసినట్టు నొప్పి వచ్చాయి. ఒంట్లోని విషాలన్నీ బయటికి పోతున్నాయని, ఓర్చుకుని కొనసాగించమని తెలిసినవారొకరు ధైర్యం చెప్పారు. పక్కింటి మామ్మగారు మాత్రం నా గిన్నె వంక చూసి, "వడపప్పు గుప్పెడు తింటాం గానీ గిన్నెడు తింటామేటమ్మా?" అన్నారు. ఆ తరువాత ఈ విషయం గురించి చదివినకొద్దీ, నా బాధకు కారణం మామ్మగారి ప్రశ్నలోనే ఉందని తెలిసింది.

విషాలు బయటికి పోవడమనే మాటకు శరీరధర్మ శాస్త్రంలో ఆధారం లేదు. శరీరానికి అక్కరలేని పదార్థాలను కాలేయం, మూత్రపిండాలు నిత్యం వడకట్టి పంపుతూనే ఉంటాయి, వాటి పనికి కడుపుబ్బరంతో సంబంధం లేదు. ఉబ్బరానికి కారణం పెద్దపేగులో జరిగే పులియడం. పచ్చి కూరగాయలోని ప్రతి కణం చుట్టూ సెల్యులోజ్, పెక్టిన్ అనే పీచు పదార్థాలతో కట్టిన గోడ ఉంటుంది. ఉడికినప్పుడు పెక్టిన్ కరిగి ఆ గోడ సడలుతుంది, వండకపోతే దానిని పగలగొట్టే భారమంతా పళ్ళ మీదే పడుతుంది. సెల్యులోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను మన శరీరం తయారు చేసుకోలేదు. పిండిపదార్థం సంగతీ ఇంతే. దాని రేణువులు నీటిలో సుమారు 60 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ వేడికి ఉబ్బి మెత్తబడితేనే మన ఎంజైములకు సులువుగా చిక్కుతాయి. చిన్నపేగు అరిగించుకోలేక వదిలేసినదంతా పెద్దపేగులో కాపురముండే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అవి దానిని పులియబెట్టి ఎసిటేట్, ప్రోపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వీటిలో బ్యుటిరేట్ పెద్దపేగు లోపలి పొరకు ముఖ్యమైన ఇంధనం కాబట్టి, పీచు వల్ల కలిగే మేలు చాలావరకు ఈ దారిలోనే వస్తుంది. ఆ క్రమంలోనే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా పుడతాయి. అంటే మేలూ, ఉబ్బరమూ ఒకే కుండలోంచి వస్తున్నాయన్నమాట.

గింజల్లో మరో చిక్కు ఉంది. పెసలు, శనగలు, ఉలవల వంటి వాటిలో రఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడదీసే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. గింజ మొలకెత్తేటప్పుడు ఆ చక్కెరలను తన ఎదుగుదలకు తానే వాడుకుంటుంది. నానబెట్టిన నీటిలోకి కూడా కొంత దిగిపోతాయి. అందువల్ల నానిన నీళ్ళు పారబోసి, గింజను గుడ్డలో కట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తనిస్తే గ్యాస్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. పైగా పచ్చి ఉల్లిపాయలో ఫ్రక్టాన్లు అనే మరో జాతి చక్కెరలున్నాయి, అవీ నేరుగా పెద్దపేగుకే చేరతాయి. మొలకలు, పచ్చి కూరగాయలు, ఉల్లి, ఈ మూడింటినీ ఒకే రోజు, అలవాటు లేని పొట్టలో గుమ్మరించడమే నేను చేసిన తప్పు.

అలవాటు అనే మాటను ఇక్కడ ఊరికే వాడలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ డేవిడ్, పీటర్ టర్న్‌బా తమ సహచరులతో చేసి 2014లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, ఆహారాన్ని ఒక్కసారిగా మార్చినప్పుడు పేగులోని సూక్ష్మజీవుల పొందిక రోజుల్లోనే మారడం కనిపించింది. మారడం వేరు, కుదురుకోవడం వేరు. పెరిగిన పీచుకు పొట్ట సర్దుకోవడానికి చాలామందికి రెండు మూడు వారాలైనా పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా గిన్నెలు నింపుకోవడం, కొత్త కోడలికి వచ్చిన రోజే ఊరందరికీ వంట చేయమనడం లాంటిది. మనిషి పేగు నిర్మాణాన్ని కూడా మరచిపోకూడదు. చింపాంజీ జీర్ణవ్యవస్థ ఘనపరిమాణంలో పెద్దపేగు వాటా సుమారు సగం కాగా, మనలో అది ఐదో వంతు మాత్రమే. రోజంతా ఆకులు నమిలి పులియబెట్టుకునే కుండ మన ఒంట్లో అంత పెద్దది లేదు.

ఈ ప్రయోగంలో మనకంటే ముందు నడిచినవారిలో గాంధీజీ ఉన్నారు. 1929లో ఆంధ్రదేశ పర్యటనలో, రాజమండ్రిలో ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న ఒకరిని కలిసిన తరువాత ఆయన మొలకెత్తిన గోధుమలు, శనగలు, నూరిన ఆకుకూరలు, బాదం, నిమ్మకాయలు, తేనెతో పొయ్యి ఎరుగని ఆహారం మొదలుపెట్టారు. కొన్ని నెలలకే నీరసించి, జిగట విరేచనాలు పట్టుకుని దానిని విరమించారు, ఆ సంగతిని తన పత్రికలో దాచకుండా రాశారు. తన ఒంటి మీద చేసుకున్న ప్రయోగం ఫలించలేదని లోకానికి చెప్పిన ఆ నిజాయితీ, ఈ ఆహారాన్ని ప్రచారం చేసే ప్రతి ఒక్కరికీ ఉండాలని నా కోరిక.

నేను తరువాత పాటించిన పద్ధతి ఇది. మొదటి వారం మామూలు భోజనమే చేస్తూ, మధ్యాహ్నం ముద్దలకు ముందు తురిమిన దోసకాయ ఒక గుప్పెడు మాత్రమే తిన్నాను. రెండో వారంలో క్యారెట్ చేర్చి, ఆ పైన మొలకలను కుండ మీద మూతపెట్టి ఐదు నిమిషాలు ఆవిరి పట్టి తిన్నాను. క్యాబేజీ, ముల్లంగి, ఉల్లి అన్నిటికంటే చివర వచ్చాయి. కొత్త దినుసు ఒకసారికి ఒకటే చేరిస్తే, ఏది పడలేదో తెలిసిపోతుంది. పీచు పెరిగేకొద్దీ నీళ్ళూ పెరగాలి, లేకుంటే మలబద్ధకం మొదలవుతుంది. మెత్తగా నమలడమంటే మర్యాద కోసం చెప్పే మాట కాదు, కణాల గోడను పగలగొట్టే పని నోటిలో కాకపోతే పెద్దపేగు చేరేదాకా మరెక్కడా సరిగా జరగదు.

మా వైపు ఇళ్ళలో దీనికి చక్కని తోడు ఒకటి ఉంది. ఒడియా ఇళ్ళలో పఖాళ, అంటే నీళ్ళలో నానబెట్టి పులియనిచ్చిన అన్నం, మీది పులిసిన నీటిని తొరాణి అంటారు, మన తరవాణి మాటకు అది ఎంత దగ్గరో చూడండి. తరవాణిలో, చోడి (రాగి) అంబలిలో, పెరుగులో సూక్ష్మజీవులు తమ పని కొంత ముందుగానే, మన పొట్ట బయటే చేసి పెడతాయి. పచ్చి ఆహారం పేరుతో వీటిని మానేయడం తెలివైన పని కాదు.

పచ్చిగా అసలు తినకూడనివి కొన్ని ఉన్నాయి. పచ్చి రాజ్మా గింజలు నాలుగైదు చాలు, వాటిలోని లెక్టిన్ అనే హానికర ప్రొటీన్ వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకోవడానికి. నానబెట్టి, మరిగే నీటిలో బాగా ఉడికించాకే వాటిని తినాలి. కర్రపెండలంలో సైనైడును విడుదల చేసే పదార్థాలున్నాయి. కంద నాలుకను, గొంతును దురదపెట్టడానికి అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదులే కారణం.

ఇక నీటి సంగతి. 2007 వర్షాకాలంలో రాయగడ, కోరాపుట్, కాలాహండి జిల్లాల్లో కలరా ప్రబలిన రోజులు ఇక్కడివారికి ఇంకా గుర్తున్నాయి. పొయ్యి మీద వంట రుచికే కాక రక్షణకు కూడా అని ఆ రోజులు నేర్పాయి. మొలకలకు కావలసిన తేమ, వెచ్చదనం క్రిములకూ ఇష్టమే. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ-కోలి అనే బాక్టీరియా వల్ల దాదాపు 4,000 మంది జబ్బుపడగా, 50 మందికి పైగా చనిపోయారు. అందుకే వానలు మొదలయ్యాక నేను సంతలో కొన్న ఆకుకూరలను పచ్చిగా తినను. మిగిలిన కాలంలో కూడా కాచి చల్లార్చిన నీటితోనే కడుగుతాను, గర్భిణులకు, చంటిపిల్లలకు, ముసలివారికి పచ్చి మొలకలు పెట్టను.

సంవత్సరాల తరబడి పూర్తిగా పచ్చి ఆహారమే తినాలనుకునే స్త్రీలు మరో విషయం తెలుసుకోవాలి. జర్మనీలో అలా తినేవారిపై చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 45 ఏళ్ళలోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పడమో, పూర్తిగా ఆగిపోవడమో జరిగింది. బరువు బాగా తగ్గడం దీనికి ముడిపడి ఉంది. పాలు, పెరుగు కూడా మానేస్తే విటమిన్ బి12 లోపం తోడవుతుంది.

మామూలు ఉబ్బరం తిన్న కొన్ని గంటలకు వచ్చి, గ్యాస్ పోగానే తగ్గుతుంది. దానికి వాము నమిలి, కాస్త నడిస్తే చాలు. మలంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా, నిద్రలో లేపేంత నొప్పి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నీళ్ళ విరేచనాలు ఆగకపోయినా వాము డబ్బా పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. విరేచనాలైతే దారిలోనే ఓఆర్ఎస్ తాగుతూ వెళ్ళాలి.