క్రీస్తు శరీరం నిజమేనా? పాలమూరు దాకా వచ్చిన ఒక పాత తగువు

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నల్గొండ, మహబూబ్‌నగర్ చర్చిల్లో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. బయట ఎండ మండిపోతుంటుంది. ఐదో మాట 'దప్పిగొనుచున్నాను' వంతు వచ్చేసరికి చాలామంది ప్రసంగీకులు ఒకే దారి పడతారు. అది నీళ్ల దప్పిక కాదు, ఆత్మల కోసం దప్పిక అంటారు. ఆత్మల దప్పిక అని చెప్పుకోవడంలో తప్పులేదు. 'నీళ్ల దప్పిక కాదు' అన్న ముక్కతోనే పేచీ. కొరడా దెబ్బలు తిని, నెత్తురు పోయి, ఎండలో వేలాడే మనిషికి గొంతు ఎండదా? ఎండలేదంటే మనకు తెలియకుండానే, తొలి తరాల సంఘం కొట్టిపారేసిన వాదంలోకి జారిపోయినట్టే.

ఆ వాదం పేరు డొసెటిజం. క్రీస్తు దేవుడు గనక ఆయనకు నిజమైన రక్తమాంసాలు లేవు, చూసేవాళ్లకు శరీరంలా కనిపించిందంతే అనడం దాని సారం. ఇప్పుడు మన చుట్టుపక్కల వినిపించే ప్రశ్న 'మనిషి దేవుడెలా అవుతాడు' అని. అప్పట్లో అంతే గట్టిగా రెండోవైపు నుంచీ అడిగారు: దేవుడికి చెమట పట్టడమేంటి, ఆకలేంటి, చావేంటి? పదార్థమంటేనే హీనమని నమ్మినవాళ్లకు ఇది భక్తిగానే తోచింది. దేవుడి పరువు కాపాడుతున్నామనుకున్నారు.

దీనికి జవాబు కొత్త నిబంధనలోనే మొదలైంది. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడమే గీటురాయి అని యోహాను మొదటి పత్రిక చెబుతుంది. లూకా సువార్త చివర, లేచి వచ్చిన యేసు తాను భూతం కాదని చూపించడానికి తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, వాళ్లిచ్చిన కాల్చిన చేప ముక్క శిష్యుల ముందే తింటాడు.

రెండో శతాబ్దం మొదట్లో సిరియాలోని అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను మృగాలకు వేయడానికి సైనికులు రోముకు తీసుకుపోయారు. దారిలో ఆయన రాసిన ఉత్తరాల్లో 'నిజంగా' అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది. నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు తాగాడు, పిలాతు కాలంలో నిజంగా సిలువ మీద చనిపోయాడు. ఆయన బాధ ఉత్త కనిపించడమే అయితే మరి నేనెందుకు సంకెళ్లలో ఉన్నట్టు అని అడుగుతాడు. చావుకు పోతున్న మనిషి అడిగిన ప్రశ్న కాబట్టి ఇది పండితుల వాదంలా వినిపించదు.

అవతలివాళ్ల వాదాలూ తక్కువ విచిత్రమైనవి కావు. గొట్టంలోంచి నీళ్లు పోయినట్టు క్రీస్తు మరియ గుండా వచ్చాడే తప్ప ఆమె నుంచి ఏమీ తీసుకోలేదని రెండో శతాబ్దపు బోధకుడు వాలెంటైనస్ శిష్యులు అన్నారు. యేసు తిన్నాడు, తాగాడు గానీ కాలకృత్యాలు లేవని వాలెంటైనస్ రాసినట్టు తొలి సంఘపు రచయిత అలెగ్జాండ్రియా క్లెమెంట్ చెబుతాడు. అదే శతాబ్దపు మరో బోధకుడు మార్సియన్ అయితే పుట్టుకనే తీసేశాడు. తిబెరి చక్రవర్తి పదిహేనో ఏట క్రీస్తు నేరుగా పెద్ద మనిషిగా దిగివచ్చాడని అతని బోధ. 144లో రోము సంఘం అతన్ని వెలివేసి, అతను తెచ్చిచ్చిన డబ్బు కూడా తిరిగిచ్చేసింది.

చర్చిల్లో అందరూ కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో పిలాతు పేరు ఎందుకుందన్నదీ ఇక్కడే తెలుస్తుంది. ఒక రోమా అధికారి పేరు చెబితే ఒక కాలం, ఒక చోటు కూడా చెప్పినట్టే. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరియలో దొరికింది. 1968లో యెరూషలేము దగ్గర ఒక సమాధిలో, సిలువ వేసిన ఇంకొక యూదుడి మడమ ఎముక మేకుతో సహా బయటపడింది. వీటితో విశ్వాసం రుజువైపోదు. రోమా సిలువ శిక్ష మాత్రం ఎముకలోకి దిగిన ఇనుమేనని తెలుస్తుంది.

నైసియాలో కూడిన సంఘ పెద్దల సభ (325) క్రీస్తు దైవత్వాన్ని ఖాయం చేసిందని అందరికీ తెలుసు. ఆయనకు మానవ మనసు లేదన్న అపొలినారిస్ బోధను 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ తోసిపుచ్చిందనీ, దైవత్వం మానవత్వం రెండూ పూర్తిగా ఉన్నాయని 451లో చాల్సిడోన్ సభ చెప్పిందనీ మన సండే స్కూళ్లలో చెప్పడం తక్కువ. ఆయన తీసుకోనిది బాగుపడదన్నది ఆ కాలపు బిషప్పు నజియాంజస్ గ్రెగొరీ తర్కం. మనిషిలో ఏ భాగాన్ని ఆయన తీసుకోలేదంటామో ఆ భాగానికి రక్షణ లేనట్టే.

ఇక మన వైపు వద్దాం. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు చాలా ఊళ్లలో ఎం.బి. చర్చి అని బోర్డు కనిపిస్తుంది. మెన్నొనైట్ బ్రదరెన్ అన్నమాట. ఆ పేరు మెన్నో సైమన్స్ నుంచి వచ్చింది. పదహారో శతాబ్దపు డచ్చి మనిషి, మొదట కతోలిక ఫాదరు, తర్వాత పెద్దవాళ్ల బాప్తిస్మం వైపు వచ్చినవాడు. క్రీస్తు మరియ మాంసం నుంచి శరీరం తీసుకోలేదు, ఆ శరీరం పరలోకం నుంచి వచ్చింది, మరియలో పెరిగిందంతే అని ఆయన బోధించాడు! ఆదాము మాంసమైతే పాపం అంటుతుందని ఆయన భయం. విత్తనం తండ్రిది, తల్లి పొలం మాత్రమే అన్న అప్పటి నమ్మకం దానికి తోడైంది. 1544లో జర్మనీలోని ఎమ్డెన్‌లో పోలండు సంస్కర్త యాన్ వాస్కి ఆయనతో దీని మీదే వాదానికి దిగాడు. తర్వాత ఇంకో సంస్కర్త కాల్విన్ తన పెద్ద గ్రంథంలో ఈ బోధను ఖండించాడు. మెన్నో డొసెటిస్టు కాడు, క్రీస్తు బాధ నిజమేనన్నాడు. కానీ మరియ దగ్గర ఏమీ తీసుకోలేదన్న మాట వాలెంటైనస్ గొట్టానికి ఎంత దగ్గరో చూడండి.

తర్వాతి మెన్నొనైట్లు ఆ బోధను నెమ్మదిగా వదిలేశారు. 1860లో దక్షిణ రష్యాలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో, బ్రదరెన్ శాఖ పుట్టేసరికి అది పాత ముచ్చటే. అక్కడి నుంచే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషను తరఫున 1890లో నల్గొండ చేరారు. ఆ వెనక అమెరికా నుంచి వచ్చినవాళ్లు నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి వైపు పనిచేశారు. జడ్చర్లలో వాళ్ల ఆసుపత్రి వెలిసింది. చర్చిలో చేరినవాళ్లు ఎక్కువగా మాదిగ, మాల వాడల నుంచి. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులకు, కుష్ఠరోగిని యేసు చెయ్యి చాపి ముట్టుకున్నాడన్న మాట ఎలా తాకిందో ఊహించడం కష్టం కాదు. ముట్టుకునే చెయ్యి నిజమైనది కాకపోతే ఆ కథలో ఇంకేమీ మిగలదు. ఆ తర్వాత కొన్నిచోట్ల అదే చర్చిల్లో మాల, మాదిగ తేడాలు తలెత్తడం వేరే కథ, బాగాలేని కథ.

ఇరుగుపొరుగు సంగతీ చూడాలి. ఇక్కడి ముస్లింలు ఈసాను (యేసును), మర్యంను (మరియను) గౌరవిస్తారు. ఖురాన్ ఐదో సూరాలో ఆ తల్లీకొడుకులిద్దరూ భోజనం చేసేవారని ఉంది. అంటే ఆయన మనిషి, దేవుడు కాదని వాదన. లూకాలోనూ అన్నం ముద్దే సాక్ష్యం, కానీ అక్కడ చచ్చి లేచినవాడు నిజమైన శరీరంతో ఉన్నాడని. నాలుగో సూరా సిలువ విషయంలో వాళ్లకు అలా అనిపించిందంతే అంటుంది. టీ కొట్టు దగ్గర ఈ మాట లేస్తే క్రైస్తవులు దైవత్వం మీద వాదనకు దిగుతారు. తగువు నిజానికి మేకుల గురించి. కృష్ణ ఒడ్డుకు ఈ తరహా ఆలోచన కొత్తదేం కాదు. ఫణిగిరి, నాగార్జునకొండ వైపు బౌద్ధం వెలిగిన రోజుల్లో, బుద్ధుడి మామూలు మాట కూడా లోకాతీతమేనని ఈ ఆంధ్ర ప్రాంతపు 'అంధకులు' అన్న బౌద్ధ శాఖలవాళ్లు నమ్మారని పాళీ వ్యాఖ్యానం చెబుతుంది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. నీళ్లే ఒంటిని వంచిన చోట సిలువ మీది దప్పికను ఉత్త ఆత్మల లెక్కలోకి నెట్టేస్తే వినేవాళ్లకు ఏమందుతుంది? లేచిన శరీరానికి గాయాల గుర్తులు ఉన్నాయని, తోమాను వేలు పెట్టి చూడమన్నాడని యోహాను రాశాడు. ఆ ఊళ్లలో ప్రసంగించాల్సిన వాక్యం అది.

పాతిపెట్టడం కూడా ఈ నమ్మకంలోంచి వచ్చిందే. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం కొట్టి, తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించేది శరీరం లేస్తుందన్న ఆశతోనే. అందుకే చాలా ఊళ్లలో క్రైస్తవులు తహసీల్దారుకు పెట్టే అర్జీల్లో చర్చి స్థలం కంటే ముందు సమాధుల స్థలం అడుగుతారు. వైకుంఠధామం ఉంది కదా, అక్కడే దహనం చేసుకోవచ్చు కదా అని ఆఫీసులో అడిగితే, మా ఆచారం సార్ అని ఊరుకుంటారు.