ఐసోనియాజిడ్: నలభై ఏళ్లకు దొరికిన లక్ష్యం

ఐసోనియాజిడ్‌ను ప్రాగ్‌లో 1912లోనే తయారు చేశారు. క్షయ మీద దాని బలం బయటపడింది 1952లో. అది బాక్టీరియాలో ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటుందో తేలడానికి మాత్రం ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది. మాత్రలో ఉన్న అణువు తనంత తానుగా లక్ష్యానికి గట్టిగా అతుక్కోదు మరి.

ఆధారం మొదట్లోనే కనిపించింది. మందుకు లొంగని బాక్టీరియాలో చాలావాటికి కెటలేజ్ (పెరాక్సైడ్‌ను విరిచే ఎంజైమ్) పోయిందని 1950ల తొలినాళ్లలోనే మిడిల్‌బ్రూక్ అనే పరిశోధకుడు గమనించాడు. అలాంటివి గినీ పందుల్లో జబ్బును కూడా అంతగా ముదర్చలేకపోయాయి. ఆ కెటలేజ్‌ను తయారుచేసే జన్యువు కాట్‌జి అని 1992లో తేలింది. మందును చురుకైన రూపంలోకి మార్చేది ఆ ఎంజైమే. రెండేళ్లకు ఇన్‌హెచ్‌ఎ అనే లక్ష్య ఎంజైమ్ దొరికింది. 1998 నాటి స్ఫటిక చిత్రంతో మిగతా ముడి వీడింది: కాట్‌జి విరిచిన ఐసోనియాజిడ్ ముక్క కణంలోని ఎన్‌ఎడి అనే సహాయక అణువుతో జతకూడి, ఇన్‌హెచ్‌ఎలో ఎన్‌ఎడిహెచ్ (ఎన్‌ఎడికే మరో రూపం) కూర్చోవాల్సిన చోట తిష్ఠ వేస్తుంది. దాంతో కొవ్వు ఆమ్లాల గొలుసు పొడవు పెరగదు, కణకవచానికి కావాల్సిన మైకోలిక్ ఆమ్లం తయారవదు, ఆ కవచం నిలవదు. కొత్త గోడ కట్టుకుంటున్న బాక్టీరియా త్వరగా చస్తుంది. నిద్రాణంగా ఉన్నది తప్పించుకుంటుంది.

ఎక్కువగా కనిపించే నిరోధకత కాట్‌జిలో 315వ స్థానంలో వస్తుంది. అక్కడి సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి థ్రియోనిన్ చేరుతుంది. అదనంగా వచ్చేది ఒక్క మిథైల్ గుంపే అయినా, ఎంజైమ్‌లో పని జరిగే హీమ్ దగ్గరికి వెళ్లే దారి ఇరుకవుతుంది, మందు లోపలికి పోలేదు. పెరాక్సైడ్‌ను విరిచే పని మాత్రం చాలావరకు సాగుతుంది. కెటలేజ్ మొత్తం పోగొట్టుకున్న మిడిల్‌బ్రూక్ బాక్టీరియా బలహీనపడితే, ఇది బలం తగ్గకుండానే వ్యాపిస్తుంది. చికిత్సలో పెద్ద చిక్కు ఇదే.

మరో ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు ఈ తిప్పలు లేవు. అది నేరుగా ఆర్‌ఎన్‌ఎను తయారుచేసే ఆర్‌ఎన్‌ఎ పాలిమరేజ్ ఎంజైమ్ బీటా ఉపభాగంలో చేరి, రెండు మూడు న్యూక్లియోటైడ్ల దగ్గరే ఆర్‌ఎన్‌ఎకు అడ్డుపడుతుంది. నిరోధక మార్పుల్లో దాదాపు 95 శాతం ఆ ఉపభాగాన్ని తయారుచేసే ఆర్‌పిఒబి జన్యువులోని 81 బేస్ జతల్లోనే ఉంటాయి. అందుకే 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన ఎక్స్‌పర్ట్ అనే క్షయ జన్యు పరీక్ష ఆ ముక్కనే చూస్తుంది. ఐసోనియాజిడ్‌కు మాత్రమే లొంగని క్షయ దానికి అందదు. ‘రిఫాంపిసిన్ పనిచేస్తుంది’ అన్న ఫలితాన్ని ‘అన్నీ పనిచేస్తాయి’ అని చదివితే పొరపాటే.

కాట్‌జిని, ఇన్‌హెచ్‌ఎ ప్రమోటర్‌ను (జన్యువు ఎంత పనిచేయాలో నిర్ణయించే భాగం) చూసి ఫలితాన్ని పట్టీ మీద గీతలుగా చూపే లైన్ ప్రోబ్ పరీక్షలో ఏ గీత మారిందన్నది ముఖ్యం. ప్రమోటర్ మారితే ఇన్‌హెచ్‌ఎ ఎక్కువగా తయారవుతుంది. నిరోధకత తక్కువ స్థాయిలో ఉంటుంది కాబట్టి, మోతాదు పెంచితే ఐసోనియాజిడ్ పనిచేసే అవకాశం ఉంది. అయితే ఇథియోనమైడ్ అనే మరో క్షయ మందు లక్ష్యం కూడా ఇన్‌హెచ్‌ఎనే కనుక ఆ మందును నమ్ముకోకూడదు. 315వ స్థానపు మార్పులో దీనికి తలకిందులు: మోతాదు పెంచినా ఐసోనియాజిడ్‌తో పెద్దగా ఫలితం ఉండదు, ఇథియోనమైడ్‌ను చురుకు చేసే ఎంజైమ్ వేరు కాబట్టి ఆ మందుకు దారి మూసుకుపోదు.